చెన్నయ్య కాక పెట్టెలో నేను కాల్చిన ముక్క

పుణె
శుక్రవారం మధ్యాహ్నం

బాపుకు,

నీ బిడ్డ శిరీష దండం పెట్టి రాస్తున్నది. నేను ఒంట్లో బాగానే ఉన్నాను. నువ్వు, అమ్మ, అవ్వ ముగ్గురూ బాగున్నారనే అనుకుంటున్నాను. అవ్వను మోకాళ్ల నొప్పికి దవాఖానకు తీసుకుపోయారా? పోయినవారం అడిగితే అమ్మ "ఆఁ, పోతం" అంది. ఆ 'పోతం' సంగతి నాకు తెలుసు. నువ్వే తీసుకుపో. నీ నడుము ఎట్లా ఉంది? వానలకు మగ్గం గుంతలో చెమ్మ ఊరుతుంది కదా, కింద గోనెసంచి వేసుకుంటున్నావా?

ఫోను ఉండగా ఉత్తరం ఎందుకని నువ్వు అనుకుంటావు. మన ఇంట్లో ఫోను ఎప్పుడూ స్పీకరులోనే ఉంటుంది. నేను హలో అనగానే అమ్మ, అవ్వ, ఆసు మీద దారం పోయడానికి వచ్చిన ఎదురింటి అత్త అందరూ కలిసి "తిన్నవా" అంటారు. తిన్నాను అంటాను. అక్కడికి మాట అయిపోతుంది. ఇప్పుడు చెప్పబోయేది అట్లా చెప్పేది కాదు. నువ్వొక్కడివే కూర్చుని చదువు.

ఇప్పుడు ఒంటిగంటన్నర అయింది. నాలుగింటికి వర్క్‌షాపుకు ఒక మనిషి వస్తాడు. అప్పటిదాకా చేతులు ఊరుకోవడం లేదు, అందుకే కలం పట్టాను.

ముందు బాగున్న సంగతులు. ఇక్కడ వాన మన దగ్గర పడ్డట్టు ఒక్కసారి కురిసి ఊరుకోదు. పొద్దున్నే మొదలుపెట్టి సన్నగా, విసుగు లేకుండా పడుతూనే ఉంటుంది. ఉతికిన బట్టలు మూడు రోజులైనా ఆరవు, క్లాసులో అందరి దగ్గరా అదే తడి వాసన. మెస్సులో జొన్నరొట్టె పెడతారు. మన రొట్టె అంత పలుచగా ఉండదు, కానీ జొన్నరొట్టె జొన్నరొట్టే. పప్పులో మాత్రం బెల్లం వేస్తారు. అమ్మ పంపిన ఎల్లిపాయ కారం కలుపుకుని తింటున్నాను. కడుపు నిండా తింటున్నాను, ఫికర్ చేయకండి. నాతో గదిలో ఉండే అశ్విని సోలాపూర్ అమ్మాయి. వాళ్ల తాతలు మన వైపు నుంచే పోయిన నేతవాళ్లు. ఇంట్లో తెలుగే మాట్లాడతారట. నా మాటను ఆమె వెక్కిరిస్తుంది, ఆమె మాటను నేను వెక్కిరిస్తాను. అందుకని సాయంత్రాలు మరీ అంత ఒంటరిగా ఏమీ ఉండవు. ఉన్న రోజులు ఉంటాయి. అవి రాయను.

శబ్దం చదువు అని ఊళ్లో చెప్తే "డీజే పెడ్తదా మీ పిల్ల?" అని అడిగారన్నావు. క్లాసులో పాట రికార్డు చేయడం నేర్పిస్తారు. నాకు నచ్చిన పని మాత్రం వర్క్‌షాపులో ఉంది. గిటారుకు, స్పీకరుకు నడుమ నేల మీద ఒక చిన్న ఇనుప పెట్టె పెడతారు. దానిని పెడల్ అంటారు. మగ్గం గుంతలో నువ్వు కర్ర తొక్కితే పడుగు ఎట్లా పైకి కిందికి విడిపోతుందో, ఇక్కడ పెట్టె మీది గుండీ కాలితో తొక్కితే గిటారు గొంతు అట్లా మారుతుంది. బొంగురుపోతుంది, లేదా బావిలోంచి పలికినట్టు మోగుతుంది. ఆ పెట్టెలు కట్టడం, పాతవాటిని విప్పి మార్చడం నేను బాగా చేస్తానని పేరు వచ్చింది. వచ్చిందని ఎందుకు రాస్తున్నానంటే, ఇంకో రెండు గంటల్లో పోవచ్చు.

వచ్చే మనిషి పేరు చెన్నయ్య. మా ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లలు రికార్డింగ్ నేర్చుకోవడానికి ఎవరో ఒకరు వాయించాలి కదా, అందుకు ఆయనను పిలుస్తారు. మిగతా రోజుల్లో పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో గిటారు వాయిస్తాడు. నేను వచ్చిన కొత్తలో మెట్ల మీద నిలబడి మీతో ఫోనులో మాట్లాడుతుంటే ఆయన వెనుక ఆగి, నేను ఫోను పెట్టేదాకా ఉండి అడిగాడు.

"ఏ ఊరు బిడ్డా?"

"రామన్నపేట దగ్గర."

"నల్లగొండోళ్లా? మేం పాలమూరోళ్లం. మా అమ్మ నాయిన రోడ్డు పనికొచ్చిన్రు ఈడికి. నాకు గప్పుడు ఐదేండ్లు. ఇగ ఈడనే ఉండిపోయినం."

ఆ రోజు నుంచి నాకు ఆయన చెన్నయ్య కాక. యాభై అయిదు దాటి ఉంటాయి. చొక్కా జేబులో ఎప్పుడూ ఇస్త్రీ చేసిన రుమాలు ఉంటుంది. వాయించే ముందు దానితో తీగలు తుడుస్తాడు, వాయించాక మళ్లీ మడత మీద మడత పెట్టి జేబులో పెట్టుకుంటాడు. ఆయన కాలికింది పెట్టె మహబూబ్‌నగర్‌లో, అంటే వాళ్ల పాలమూరులోనే, చేసింది. పెళ్లికని పోయినప్పుడు బస్టాండు పక్కన రేడియోలు బాగుచేసే ఒకాయనతో చేయించుకున్నాడట. దాని లోపల రెండు చిన్న ముక్కలున్నాయి, మూడు కాళ్లవి. పాత రేడియోల్లోంచి పీకిన ట్రాన్సిస్టర్లు. అట్లాంటివి ఇప్పుడు తయారుచేసేవాళ్లు దాదాపు లేరు. ఆ రెండింటి వల్లే పెట్టెకు ఆ గొంతు.

ఈ శనివారం, అంటే రేపు, ఒక స్టూడియోలో ఆయనకు రికార్డింగ్ ఉంది. ఆర్కెస్ట్రాలో ఇన్నేళ్లు వాయించినా ఆయన వాయించింది ఒక్కటీ ఎక్కడా నిలవలేదు. పెళ్లి అయిపోతే పాట అయిపోయినట్టే. ఆ స్టూడియో నడిపే ఆయనకు ఈ పెట్టె గొంతే కావాలట, కానీ అందులోంచి వచ్చే జుమ్ముమనే చప్పుడు పోవాలన్నాడట. చెన్నయ్య కాక మా వర్క్‌షాపు సారు దగ్గరికి పోలేదు. పోయిన ఆదివారం పెట్టెను తువాలులో చుట్టుకుని నా దగ్గరికి తెచ్చాడు.

"నువ్వయితే మనదానివి. జర పైలం బిడ్డా" అన్నాడు.

బాపూ, ఆ రెండు ముక్కల్లో ఒకటి నేను కాల్చేశాను.

ఎట్లా కాల్చానో ఇక్కడ ఎవరికి చెప్పినా అర్థం కాదు, నీకైతే అవుతుంది. పెట్టె లోపల వైర్లు కుళ్లిపోయాయి. కొత్త సర్క్యూట్ పలక చేసి పాత ముక్కలను దాని మీదికి మార్చాలనుకున్నాను. పలక అరచేతిలో పట్టేంత ఉంటుంది. ముక్కలు పైన కూర్చుంటాయి. వాటి కాళ్లు రంధ్రాల్లోంచి కిందికి దిగుతాయి. కింద రాగి గీతలు ఒకదాన్ని ఒకటి కలుపుతాయి. ఆ గీతలు ఎట్లా పోవాలో ముందే గీసుకోవాలి. మా క్లాసువాళ్లు కంప్యూటరులో గీస్తారు. నేను గ్రాఫు కాగితం మీద గీశాను. గ్రాఫు ముందు పెడితే నాకు భయం లేదు కదా. పదేళ్లప్పటి నుంచి నీ పక్కన కూర్చుని, గడి గడి చూసుకుంటూ రంగు అంటకూడని చోటల్లా రబ్బరు చుట్టి దారానికి చిటికి కట్టినదాన్ని. సారు నా గ్రాఫు చూసి ఇంత శుభ్రంగా ఎవరు నేర్పారని అడిగాడు. మా బాపు అని చెప్పాను. ఆ గర్వంలోనే రెండోసారి చూసుకోలేదు.

మన బట్టకు వెనుక వైపు లేదు. నేసే ముందే దారానికి రంగు పడుతుంది కనుక ఇటు తిప్పినా అదే ఏనుగు, అటు తిప్పినా అదే ఏనుగు. తిప్పితే మొహం అటు పెడుతుంది, అంతే, దాన్ని ఎవరూ తప్పు అనరు. పలకకు అట్లా కాదు. పైనుంచి చూస్తే ఎడమన ఉన్నది కిందినుంచి చూస్తే కుడికి వస్తుంది. నేను పైనుంచి చూసినట్టు గీసి, ఆ గీసినదాన్ని తిప్పకుండా అట్లాగే కింది రాగి మీద దించాను. రెండు ముక్కల కాళ్లూ అటువి ఇటు, ఇటువి అటు అయ్యాయి. నాతో చదివేవాళ్లలో ఒక్కరు కూడా ఈ తప్పు చేయరు. వాళ్ల ఇళ్లలో బట్టకు వెనుక ఉంటుంది.

శబ్దం రాలేదు. టంకం సరిగా పట్టలేదనుకున్నాను. వేడి చేసి తీశాను, మళ్లీ పెట్టాను. ఆ పాత ముక్కలు వేడికి ఓర్వవు. కాలును పట్టకారుతో పట్టుకుని, వేడి పైకి ఎక్కకుండా ఆపుతూ టంకం పెట్టాలని మొదటి నెలలోనే నేర్పారు. రెండుసార్లు పట్టుకున్నాను. అయిదోసారికి కోపం వచ్చి పట్టుకోలేదు. అది మంగళవారం. బుధవారం పొద్దున పలకను కిటికీ వెలుతురుకు అడ్డంగా పట్టి చూస్తే తప్పు తెలిసింది. సరైన పలక చేసి ముక్కలు పెట్టేసరికి ఒకటి పలికింది, ఒకటి చచ్చిపోయి ఉంది.

అదే రోజు మధ్యాహ్నం కాక ఫోను చేశాడు.

"అయితాందా బిడ్డా?"

"అయితాంది కాకా" అన్నాను.

నేను ఈ మాటను ఎన్నిసార్లు తలుచుకున్నానో నీకు చెప్పలేను. నువ్వు ఎప్పుడైనా నీ గొంతు నీకే వినబడి, ఇది నేనేనా అనుకున్నావా?

నిన్న చచ్చినదాని చోట కొత్తకాలం ముక్క ఒకటి పెట్టాను. పెట్టె పలుకుతోంది. గట్టిగా, శుభ్రంగా పలుకుతోంది. జుమ్ముమనడం పోయింది. సారు విని బాగుందన్నాడు. ఏం పెట్టానో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. అశ్వినికి మాత్రం అంతా చెప్పాను.

"ఊకె చెప్పకు" అంది. "సారుకే తెల్వలేదు, పెళ్లిళ్లల కొట్టెటాయనకు తెలుస్తదా? రేపు మంచిగ వాయించుకుంటడు, ఖుషీ అయితడు. నువ్వు చెప్తే ఏమొస్తది? ఆయనకు నిద్ర వోతది, నీకు పేరు వోతది."

"ఆయన పెట్టెల ఏమున్నదో ఆయనకు తెల్వద్దా?"

"నీ కడుపుల ఏమున్నదో నీకు తెలుసా? అరుగుతాంది గద, సాలు."

నవ్వు వచ్చింది. నవ్విన తరువాత ఆమె చెప్పిందే సరైనదని కూడా అనిపించింది. బాపూ, ఇప్పుడు నేను ఏం చేస్తానో నాకే తెలియదు. మూడున్నర అయింది. ఇక్కడ ఆపుతున్నాను.

ఆదివారం పొద్దున

జరిగింది జరిగినట్టు రాస్తాను.

కాక నాలుగుకు పది నిమిషాల ముందే వచ్చాడు. గొడుగు దులిపి తలుపు మూలకు పెట్టి, నా మొహం చూశాడు.

"ఏమాయె, గట్ల వెట్టినవ్ మొకం? అన్నం తినలేదా?"

"తిన్న కాకా."

రుమాలు తీసి తీగలు తుడిచాడు. పెట్టె కలిపి, గుండీ తొక్కి గట్టిగా ఒక చరణం వాయించాడు. ఆపి నా వైపు చూసి తల ఊపాడు. "అబ్బ, సాఫ్ అయింది. జుమ్ముమనుడు మొత్తం పోయింది" అన్నాడు. అంతే బాపూ, గండం గట్టెక్కిందనుకున్నాను. చెప్పకపోయినా ఫరవాలేదు అనే మాట నా లోపల అప్పటికే సర్దుకుని కూర్చుంది. ఇది నీకు దాచను.

అప్పుడు ఆయన గిటారు మీది నాబ్ సగానికి తగ్గించి మెత్తగా వాయించాడు. పాత పెట్టెలో అట్లా తగ్గిస్తే బొంగురు విడిపోయి తీగ తీగ విడిగా వినిపించేది. ఇప్పుడు విడిపోలేదు. చిన్నగా అయింది కానీ గరుకుగానే ఉంది. ఆయన ఆపాడు. మళ్లీ అదే వాయించాడు. లేచి వచ్చి స్పీకరుకు ఎడమ చెవి పెట్టి, ఒక్క తీగ మీటాడు. తిరిగి కుడి చెవి పెట్టి మీటాడు.

"బిడ్డా, నీకు మెత్తగ ఇనవడ్తుందా?"

నేను వంగి వైరు సర్దుతున్నట్టు చేశాను.

"నాకైతే ఇనవడ్తలేదు. మొత్తం గరుకే." స్టూలు మీద కూర్చున్నాడు. "మా ఇంట్లామె చెప్తనే ఉన్నది, పిలిస్తే పలుకుతలేవు, చెవులు సూపెట్టుకో అని. నేనే గాదు గాదు అంటి. ముప్పై ఏండ్లాయె డ్రమ్ముల పక్కన నిలవడి. ఎన్నడో ఒకనాడు పోతయని తెల్సు. గిప్పుడే పోవాల్నా?"

జేబులోంచి ఫోను తీసి, కళ్లకు దూరంగా పట్టుకుని నంబరు వెతుకుతున్నాడు.

"ఎవలికి కాకా?"

"స్టూడియో ఆయినకు. రేపు రాను అని చెప్త. ఇనవడనోడు ఆడికి వొయ్యి ఏం జేస్తడు."

ఆ ఫోను కలిసేలోపల చెప్పాలి. ఆయన నంబరు నొక్కాడు. అప్పుడు నా చేయి పోయి ఆయన చేతి మీద పడింది.

"ఆగు కాకా. నీ చెవులు మంచిగనే ఉన్నయ్."

"నా మనసు కోసం చెప్పకు బిడ్డా."

"నీ మనసు కోసం కాదు. పెట్టె పాతది కాదు. లోపటి రెండిట్ల ఒకటి కాలింది. నేనే కాల్చిన. కొత్తది పెట్టి, నీకు చెప్పలే."

ఫోనులోంచి ఎవరో "హలో, హలో" అంటున్నారు. కాక దాన్ని ఆపేశాడు. నా వైపు కాదు, పెట్టె వైపు చూశాడు. తిడతాడని నిలబడ్డాను. ఆయన ముందు అడిగింది వేరే.

"అంటే, నాకు ఇనవడుతున్నట్టేనా?"

"ఇనవడుతున్నట్టే. మా సారుకు కూడ తెల్వలే. నీ ఒక్కనికే తెలిసింది."

రెండు చేతులతో రెండు చెవులూ మూసుకుని, తీసి, మళ్లీ మూసుకున్నాడు. ఊపిరి వదిలాడు. ఆ ఒక్క నిమిషం ఆయన మొహం చూసి నా పని అయిపోయిందనుకున్నాను. కాలేదు. ఊపిరి తీసుకున్నాక కోపం వచ్చింది. గట్టిగా అరిచే కోపం కాదు.

"బుధవారం ఫోన్ జేస్తి గద."

"చేసినవ్."

"అయితాంది అంటివి."

"అన్న."

"కాలుడు నాకు తెలుస్తది. చెయ్యి జారుతది, ఎవలికైన జారుతది. గప్పుడు చెప్తే నా చేతుల రెండు దినాలుండె. నువ్వు గవి గూడ కాల్చినవ్."

నేను ఏడవలేదు. ఏడిస్తే ఆయన ఊరడించాల్సి వస్తుంది, అది ఇంకా అన్యాయం అనిపించింది. ఎట్లా జరిగిందో మొత్తం చెప్పాను, గ్రాఫు దగ్గర నుంచి. చచ్చిన ముక్కను అరచేతిలో పెట్టాను. దాన్ని గోటితో అటూ ఇటూ తిప్పి చూసి, రుమాలు మూలన ముడి వేసుకున్నాడు. తరువాత స్టూడియోకు నా ముందరే ఫోను చేసి హిందీలో మాట్లాడాడు. పెట్టె తయారు కాలేదన్నాడు. ఎవరి వల్ల కాలేదో చెప్పలేదు. వాళ్లు నెలాఖరుకు ఇంకో రోజు పెడతారట. ఆ రోజు కూడా కాకపోతే వేరేవాణ్ని పిలుచుకుంటారట.

పోయేటప్పుడు పెట్టెను బల్ల మీదే ఉంచాడు. నేను చూస్తుంటే అన్నాడు.

"నమ్మి ఇడిచిపెడుతున్న అనుకోకు. కాల్చిన చెయ్యే బాగుచెయ్యాలె."

గొడుగు మరచిపోయి, మళ్లీ వచ్చి తీసుకుని పోయాడు. సారుకు నేనే పోయి చెప్పాను. నెల రోజుల దాకా బయటివాళ్ల సామాను ముట్టవద్దన్నాడు, కాక పెట్టె ఒక్కటి తప్ప. అశ్విని "నీకు పిచ్చి" అంది. కానీ నిన్న పాత సామాను బజారుకు పోతానంటే తనే ముందు గొడుగు తీసింది. పొద్దంతా తిరిగాం. తుక్కులో పడి ఉన్న రేడియోలు విప్పి చూపించమని ఒక్కో దుకాణం ముందు నిలబడ్డాం. అట్లాంటి ముక్కలు మూడు దొరికాయి. పెట్టెలో పెట్టి చూస్తే రెండు చచ్చినవే. మూడోది బతికే ఉంది కానీ ఈల వేస్తుంది.

బాపూ, తాత రేడియో లోపల అటువంటివి ఉండి ఉంటాయి. ఆ కాలానిదే. అది పలకడం మానేసి నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి అట్లాగే ఉంది. అవ్వ దానికి గుడ్డ తొడిగి బియ్యం డబ్బా మీద పెట్టుకుని, వారానికోసారి దుమ్ము తుడుస్తుంది. దాన్ని అడగడానికి నాకు నోరు రాక ఇంతసేపు రాశాను.

ఫోనులో ఎందుకు అడగలేదంటే, ఫోనులో అడిగితే అవ్వ వెంటనే "తీస్కపో బిడ్డా, నీకంటె ఎక్కువనా" అంటుంది. ఏం ఇస్తున్నదో తెలియకుండా అంటుంది. అందుకే నువ్వు చెప్పాలి. మగ్గం ఆపి, పక్కన కూర్చుని, ఆమె వినే చెవి వైపు ఉండి చెప్పు. మనుమరాలు ఒకరి వస్తువు పాడుచేసి, రెండు రోజులు దాచిపెట్టిందని ముందు చెప్పు. అది విడిచిపెట్టకు. రేడియో మూత విప్పి, లోపలి ముక్కలు పీకుతానని చెప్పు. పైపెట్టె తిరిగి వస్తుంది కానీ దాన్ని ఇంకెవరూ రేడియో చేయలేరని చెప్పు. ఇంత చేసినా ఆ ముక్కలు బతికి ఉన్నాయో లేవో నాకు తెలియదని కూడా చెప్పు.

అంతా విన్నాక అవ్వ సరే అంటే, పాత చీర చుట్టి అట్టపెట్టెలో పెట్టి పంపు. విప్పడానికి నువ్వు చూడకు, నేనే విప్పుతాను, ఈసారి పట్టకారు వదలను. అవ్వ వద్దంటే బతిమాలకు, అమ్మతో చెప్పించకు. గుడ్డ తొడిగి మళ్లీ అక్కడే పెట్టు. చెన్నయ్య కాకకు దొరకలేదని నేను ఆ రోజే ఫోను చేసి చెప్తాను.

నా ఆరోగ్యం బాగుంది, చదువు నడుస్తోంది, ఫికర్ చేయకండి. ఎదురింటి అత్తకు అడిగానని చెప్పు. అవ్వ పాదాలకు, అమ్మకు, నీకు ఇక్కడి నుంచే మొక్కుతున్నాను. ఈ పని చేతికి నిలవాలని ముగ్గురూ నన్ను దీవించండి. చదివి కోపం వస్తే కోపంగానే జవాబు రాయి, కానీ రాయి.

ఇట్లు
నీ బిడ్డ
శిరీష